వణికిందల్లా షుగరు కాదు

ముందే చెప్పేస్తున్నాను, నేను బాగానే ఉన్నాను. పొద్దున్నే లేస్తున్నాను, వండుతున్నాను, మా ఆయనతో వాదిస్తున్నాను. కాబట్టి చదివే వాళ్లెవరూ ఇప్పటి నుంచే కళ్లకు కొంగు అడ్డం పెట్టుకోనక్కర్లేదు. షుగరున్న వాళ్లు మాత్రం కాస్త నిదానంగా చదవండి. నేను చేసిన తప్పు మీలో కొందరు ఇప్పుడు కూడా చేస్తూ ఉండవచ్చు, అదీ ఎంతో శ్రద్ధగా.

నా పేరు రేణుక. యాభై రెండేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల వెనక సందులో, అమ్మాయిల హాస్టళ్ల మధ్య నాదొక చిన్న బ్యూటీ పార్లర్. రెండు కుర్చీలు, ఒక పెద్ద అద్దం, గోడకు దేవుడి పటం, అంతే. పెళ్లయి నల్లగొండ జిల్లా పల్లె నుంచి ఇక్కడికి వచ్చాక నేర్చుకున్న పని ఇది. ఫేషియళ్లు ఎవరైనా చేస్తారు. దారంతో కనుబొమ్మలు తీయడం వేరు. దారం ఒక కొస పళ్ల మధ్య బిగించి, మిగతాది రెండు చేతుల వేళ్ల మధ్య మెలిపెట్టి, కత్తెరలా తెరుస్తూ మూస్తూ పోవాలి. వేళ్లు ఎంత చురుగ్గా కదిలితే కుర్చీలో కూర్చున్న మనిషికి అంత తక్కువ నొప్పి. నా చేతిలో కన్నీళ్లు రావని పేరు. ఆ పేరు విని మలక్‌పేట నుంచి కూడా వచ్చేవాళ్లు. నాకు షుగరు వచ్చి పదకొండేళ్లయింది కానీ, దాన్నీ ఇంట్లో మనిషిలాగే చూసుకుంటూ వచ్చాను.

నిరుడు ఆషాఢంలో మొదలైంది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, పార్లర్లో ఈగలు తోలుకోవడమే పని. ఖాళీగా కూర్చుని టీవీ చూస్తుంటే ఒళ్లో ఉన్న కుడిచెయ్యి తనంతట తాను కదిలింది. బొటనవేలు, చూపుడువేలు ఏదో నలుపుతున్నట్టు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. నేనేం భయపడలేదు. షుగరు మనిషికి చెయ్యి వణికితే షుగరు పడిపోయినట్టు, ‘లో’ అయినట్టు. వెంటనే నోట్లో తీపి వేసుకోవాలి. ఇది మా సందులో ఎవరినడిగినా చెబుతారు. దారపు రీళ్ల సొరుగులో అందుకోసమే చాక్లెట్లు పెట్టుకున్నాను. ఒకటి తిన్నాను. ఇంతలో ఎవరో అమ్మాయి వచ్చింది. దారం చేతికి తీసుకున్నాను, వణుకు ఆగిపోయింది. చూశారా, చాక్లెట్ మహిమ!

నాకు వచ్చిన అసలు రోగం లక్షణమే అదని తర్వాత తెలిసింది. చెయ్యి ఊరికే ఉంటే వణుకుతుంది, పనికి పెడితే సర్దుకుంటుంది. నా వణుకును ఆపింది దారం, పేరు కొట్టేసింది చాక్లెట్.

అట్లా రోజుకు రెండు, మూడు, ఒక్కోరోజు ఆరు. నెల తిరిగేసరికి రక్త పరీక్షలో షుగరు కొండెక్కింది. సందు చివరి క్లినిక్ డాక్టరు కళ్లద్దాల మీదుగా చూశారు.

“ఏం తింటున్నవమ్మా నువ్వు?”

“ఏం తింటలేను సార్. రెండు పుల్కలు, గింత కూర.”

నేను అబద్ధం ఆడలేదు. చాక్లెట్ తిండి కాదు కదా, అది నా లెక్కలో మందు. మందును తిండిలో ఎవరు చెబుతారు? పాపం ఆయన మాత్ర పెంచారు. పెంచిన మాత్రకు రెండుసార్లు నిజంగానే లో అయి ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఇంకేం, నా నమ్మకం గట్టిపడింది. చాక్లెట్ పాకెట్లు చిన్నవి మానేసి పెద్దవి కొన్నాను.

శ్రావణం వచ్చింది. పెళ్లిళ్లు, వ్రతాలు, ఊపిరాడని పని. అప్పుడే ఇంకో వింత జరిగింది. హీటరు మీద వ్యాక్స్ మాడి పొగ వస్తుంటే పక్క జిరాక్స్ దుకాణం అతను ముక్కు మూసుకుని పరుగెత్తుకొచ్చాడు. నేను ఆ హీటరు పక్కనే నిలబడి ఉన్నాను, నాకు ఏ వాసనా రాలేదు. జలుబు అనుకున్నాను. కుర్చీలో కూర్చున్న వాళ్లు “ఏందక్కా, గింత నొప్పి పెడుతున్నవు?” అనడం మొదలుపెట్టారు. దారం మంచిది కాదని రీలు మార్చాను. మళ్లీ మార్చాను. దారాలమ్మే ఆయనతో గొడవ పడ్డాను. మనిషి తన చేతిని అనుమానించడం అన్నిటికన్నా చివర చేస్తాడేమో.

ఒక సాయంత్రం మౌనిక వచ్చింది. హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకునే పిల్ల. మర్నాడు ఇంటర్వ్యూ. ఎడమ కనుబొమ్మ బాగానే వచ్చింది. కుడిది సగంలో ఉండగా నా వేళ్లు మూసుకుని మళ్లీ తెరుచుకోలేదు. దారం జారి అడ్డంగా లాగేసింది. కనుబొమ్మ తోక మొత్తం పోయింది.

ఇన్నేళ్లలో నేను ఎవరి ముఖమూ పాడుచేయలేదు. ఆ పిల్ల అద్దంలో అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుంది. తిడుతుందని నిలబడ్డాను.

“పోనియ్యి ఆంటీ, పెన్సిల్‌తోని గీసుకుంట. గది మళ్ల ఒస్తది,” అంది. లేచి నా చెయ్యి పట్టుకుంది. “మీ చెయ్యికేమైంది? ఎవలికన్న చూపిచ్చిన్రా?”

రెండు నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. ఆమె వెళ్లాక తెర వెనక్కి పోయి ఏడ్చాను. తర్వాత సొరుగు తెరిచి చాక్లెట్ తిన్నాను. అలవాటు అంత గట్టిది మరి.

ఆ చాక్లెట్లకు చెక్ పెట్టింది విజయలక్ష్మి మేడమ్. తెనాలి ఆవిడ, పాతికేళ్లుగా ఇక్కడే ఉంటున్నా మాట మాత్రం ఇంకా తెనాలిదే. రక్త పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరయ్యారు. మా ఇద్దరికీ షుగరే కాబట్టి కుర్చీలో ఆమె, వెనక నేను, మాకు మాటలకు కొదవ ఉండదు. ఆ రోజు ఆమె వచ్చేసరికి నేను స్టూలు మీద కూర్చుని చాక్లెట్ కాగితం విప్పుతున్నాను. చెయ్యి గడగడలాడుతోంది.

“ఏంటమ్మా అది?”

“లో అయింది మేడమ్. ఒక్క నిమిషం.”

“ఆగు, ఆగు. నోట్లో పెట్టకు. వేలు ఇటివ్వు.”

హ్యాండ్‌బ్యాగులోంచి షుగరు మిషన్ తీశారు. ఆవిడ బ్యాగులో పౌడరు డబ్బా లేకపోవచ్చు కానీ ఆ మిషన్ లేకుండా ఉండదు. వేలికి గుచ్చి, చుక్క పెట్టి, అంకె చూసి నా వైపు తిప్పారు. రెండొందల నలభై.

“ఇదా లో? ఎన్నాళ్ల నుంచి తింటున్నావే ఇవి?”

చెప్పాను. ఆవిడ తల కొట్టుకున్నారు. “పదకొండేళ్లు షుగరుతో కాపురం చేసి, ఒక్కసారి వేలు గుచ్చి చూసుకోలేకపోయావా? ఇది షుగరు వణుకు కాదు. నరాల డాక్టరు దగ్గరికి వెళ్లు. రేపే వెళ్లు. వెళ్లకపోతే మీ ఆయనకి నేను చెప్తాను.”

మా ఆయన యాదగిరి చైతన్యపురిలో బైకు మెకానిక్. ఆయనకు తెలియకూడదనే అన్నాళ్లూ కుడిచెయ్యి కొంగులో దాచుకుని తిరిగాను. చెబితే పార్లర్ మూయిస్తాడని నా భయం. ఆ రాత్రి అన్నం దగ్గర మెల్లగా మొదలుపెట్టాను. ఆయన ముద్ద కలుపుతూనే అన్నాడు, “ఎరికే. కర్మన్‌ఘాట్ హనుమాండ్ల గుడికి పోయినప్పుడు చూసిన. నడుస్తుంటె నీ ఎడమచెయ్యి ఊగుతున్నది, కుడిది ఊగుతలేదు. నువ్వే చెప్తవని చూస్తున్న.”

“చూస్తె చెప్పొద్దా?”

“నువ్వు దాస్తుంటె నేనెట్ల అడగాలె?”

ఇద్దరం ఒకరినొకరు కాపాడుకుంటున్నామనుకుని రెండు నెలలు పోగొట్టాం. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది.

బతుకమ్మకు వారం ముందు ఎల్బీ నగర్‌లో ఒక దవాఖానకు వెళ్లాం. నరాల డాక్టరు కోసం మూడు గంటలు ఎదురుచూపు. ఆ గదిలో చెయ్యి వణికే వాళ్లు చాలామందే, వాళ్ల ముఖాలన్నీ ఒకేలా ఉన్నాయి, నవ్వు లేదు, కోపం లేదు, ఇస్త్రీ చేసినట్టు సాపుగా. నేను అలవాటుగా అందరి కనుబొమ్మలూ చూస్తూ కూర్చున్నాను. పక్కన కూర్చున్న పెద్దాయన, యాదాద్రి వైపు మనిషి, వణికే చేత్తోనే తన బఠాణీల పొట్లం నా ముందుకు జరిపాడు. “తిను బిడ్డా, లోపల ఇంక జరసేపు పడుతది.” సగం బఠాణీలు నేలపాలైనాయి. మిగిలినవి ఇద్దరం తిన్నాం.

డాక్టరమ్మ చిన్న వయసే. నడిపించారు, చెయ్యి తిప్పారు. తర్వాత బొటనవేలితో చూపుడువేలిని తట్టమన్నారు, వీలైనంత పెద్దగా తెరిచి, వీలైనంత వేగంగా. నేను గతుక్కుమన్నాను. అది అచ్చంగా దారం పట్టే కదలికే. ఎడమచెయ్యి చకచకా తట్టింది. కుడిచెయ్యి నాలుగుసార్లు తట్టి చిన్నదైపోయింది, తర్వాత ఆగిపోయింది. ఎవరూ ఏమీ చెప్పకముందే నాకు అర్థమైంది. నా అన్నం పోయిందనిపించింది.

“పార్కిన్సన్స్ అనిపిస్తోంది,” అన్నారు డాక్టరమ్మ. “కానీ మీకు షుగరు చాలా ఏళ్లుగా ఉంది, నరాలు దానివల్ల కూడా దెబ్బతింటాయి. ఒక స్కాన్ తీద్దాం. మామూలు స్కాన్‌లో మెదడు ఆకారం కనిపిస్తుంది. ఇందులో మెదడు చేసే పని కనిపిస్తుంది. కదలికకు కావలసిన డోపమిన్ అనే రసాయనం ఎక్కడెంత తయారవుతోందో వెలుగులా తెలుస్తుంది.”

స్కాన్ నగరానికి ఆ చివర. సూదితో ఏదో మందు ఎక్కించి, దుప్పటి కప్పి, మసక గదిలో గంటన్నర ఒంటరిగా కూర్చోబెట్టారు. ఆ గంటన్నర చాలా చెడ్డది. పార్లర్ మూసి తాళం వేస్తున్నట్టు, నా కుర్చీలు ఎవరో మోసుకుపోతున్నట్టు ఊహించుకుని ఊహించుకుని అలసిపోయాను. తర్వాత మిషన్‌లో పడుకోబెట్టి తలకు పట్టీ వేశారు. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. అక్కడి టెక్నీషియన్ అమ్మాయి చూసింది.

“ఏడ్వకు అమ్మా, తల కదుల్తది,” అని దూదితో తుడిచింది. “మళ్ల మొదటికాడికెంచి తియ్యాల్సొస్తది. నాక్కూడ ఆకలైతున్నది.” ఆ చివరి మాటకు నాకు నవ్వొచ్చింది. ఏడుపు అక్కడితో ఆగింది.

మూడు రోజుల తర్వాత డాక్టరమ్మ కంప్యూటరులో బొమ్మ చూపించారు. నల్లటి గుండ్రం మధ్యలో రెండు వెలుగులు, ఎరుపూ పసుపూ కలిసి.

“మేం వీటిని కామాల్లాగా ఉంటాయంటాం,” అన్నారు.

నాకు కామాలు కనిపించలేదు. నాకు కనుబొమ్మలు కనిపించాయి. ఒకటి నిండుగా, చక్కని వంపుతో ఉంది. రెండోదానికి తోక లేదు.

“గీ పక్కదానికి తోక పోయింది మేడమ్,” అన్నాను.

ఆమె నా వైపు తిరిగి, “అదేనమ్మా రోగం,” అన్నారు. “ఎడమ మెదడులో అది తగ్గింది కాబట్టి కుడిచెయ్యి మందగించింది. షుగరు మీద నెపం పెట్టడానికి లేదు.” నేను మౌనిక ముఖాన్ని తలుచుకున్నాను. మౌనికకు మళ్లీ మొలుస్తుంది. ఇది మొలవదని అడగకుండానే తెలిసింది. పెన్సిల్ లాంటిదేమైనా ఉందా అని మాత్రం అడిగాను. మందులున్నాయన్నారు, అవి చాలా ఏళ్లు పనిచేస్తాయన్నారు.

బయట మా ఆయన నిలబడే ఉన్నాడు. నేను చెప్పింది విని నా చేతిలోని కాగితాలు తీసుకున్నాడు. ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సుల మోతలో, “బంద్ పెడదాం రేణుకా. ఇన్నొద్దులు చేసింది సాలు,” అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. ప్రేమతో అన్నా ఆ మాట నాకు స్కాన్ కన్నా ఎక్కువ నొప్పి పెట్టింది.

కార్తీకమంతా కష్టంగా గడిచింది. కొత్త మాత్రలకు కడుపులో తిప్పడం, వాంతులు. ఈ రోగం ముక్కును కూడా మొద్దుబారుస్తుందట, వాసన తెలియక పోపు మాడ్చడం. షట్టరు దించే ఉంది. పక్క సందులో కొత్త పార్లర్ పెట్టిన అమ్మాయి మీద అసూయ పడ్డాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. మా ఆయనతో రోజూ పేచీ. నేను గ్లాసు ఎత్తబోతే తను అందుకునేవాడు, కొంగు సర్దుకోబోతే తను సర్దేవాడు. ఒకరోజు గట్టిగా అరిచాను, “నేనేమన్న నీ కాడికొచ్చిన ఖరాబు బండినా?” అని. ఆయన కూడా అరిచాడు, “బండైతె ఈపాటికి మంచిగ చేస్తుంటి!” అరిచి తలుపు దగ్గర కూర్చుండిపోయాడు. మాకు పెళ్లయినప్పటి నుంచి ఆయన కళ్లలో నీళ్లు చూడటం అదే మొదటిసారి.

అదే నెలలో డాక్టరమ్మ ఒక మాట అడిగారు. షుగరూ, పార్కిన్సన్సూ రెండూ ఉన్నవాళ్ల మెదడుకూ, ఒక్క పార్కిన్సన్సే ఉన్నవాళ్ల మెదడుకూ ఆ వెలుగుల్లో తేడా ఉందేమో వాళ్లు పరిశోధన చేస్తున్నారట. షుగరు ఈ రోగాన్ని తొందరపెడుతుందా అన్నది వాళ్ల ప్రశ్న. మొన్న తీసిన బొమ్మ వాడుకోవాలి, ఉగాది తర్వాత మరొకటి తీయాలి.

“మీకు దీనివల్ల లాభం ఉండదమ్మా. ముందే చెబుతున్నాను. జవాబు ఎప్పుడు వస్తుందో కూడా తెలియదు.”

లాభం లేదని అంత సూటిగా చెప్పిన మనిషి మీద నాకు నమ్మకం కుదిరింది. మా ఆయన ఒప్పుకోలేదు. “నీ మెదడు వాళ్లకు ప్రయోగమా?” అన్నాడు. నేను మా సందును తలుచుకున్నాను. ఇస్త్రీ చేసే వాళ్లకు షుగరు, జిరాక్స్ అతనికి షుగరు, విజయలక్ష్మి మేడమ్‌కు షుగరు. అందరి జేబుల్లో చాక్లెట్లు. నాలాగే ఎంతమంది వణికే చేతికి తీపి తినిపిస్తున్నారో ఎవరికి తెలుసు? “మెదడు నాది, సంతకం నేనే పెడుత,” అన్నాను. పెట్టాను. చీమ పాకినట్టు వచ్చింది కానీ పెట్టాను.

మాఘం వచ్చేసరికి మందు ఒంటికి పట్టింది. తొమ్మిదిన్నరకు మాత్ర వేసుకుంటే పదకొండు నుంచి ఒంటిగంట వరకు చెయ్యి నా మాట వింటుందని కనిపెట్టాను. ఇంట్లో కుర్చీ చేతికి దారం కట్టి రోజూ సాధన చేశాను. ఉల్లిపాయ పొరల మీద చేశాను. నా కాళ్ల మీద చేసుకున్నాను. మౌనిక ఫోన్ చేసింది, ఉద్యోగం వచ్చిందని. ఇంటర్వ్యూలో ఎవరూ కనుబొమ్మ వైపు చూడనే లేదట. ఇన్ని నెలల బరువు దిగింది.

ఒకరోజు షట్టరు సగం ఎత్తి దుమ్ము దులుపుతుంటే విజయలక్ష్మి మేడమ్ వంగి లోపలికి వచ్చారు. నేరుగా వెళ్లి కుర్చీలో కూర్చున్నారు.

“చూడవే, ఐదు నెలలైంది, కనుబొమ్మలు తుమ్మచెట్లలా పెరిగాయి. మా కోడలు నన్ను చూసి నవ్వుతోంది.”

“ఒద్దు మేడమ్. చెయ్యి ఎప్పుడెట్లుంటదో నాకే తెల్వదు.”

“అరవై ఎనిమిదేళ్ల ముఖం. దీన్ని నువ్వు కొత్తగా పాడుచేసేదేముంది? కానివ్వు.” కళ్లు మూసుకున్నారు.

టైము పదకొండుంపావు. దారం పళ్ల మధ్య బిగించాను. ముందు భయంగా, తర్వాత మామూలుగా, తర్వాత ఏమీ ఆలోచించకుండా చేశాను. మునుపటి కన్నా రెట్టింపు సేపు పట్టింది. అయ్యాక ఆవిడ అద్దంలో చూసుకుని, “కాస్త నొప్పెట్టిందమ్మా,” అన్నారు. అబద్ధం చెప్పకపోవడం ఆవిడ గొప్పతనం. ఆ రోజు నేను చేతులు కడుక్కుంటూ చాలాసేపు నవ్వుకున్నాను.

ఇప్పుడు రోజుకు ఇద్దరు, మహా అయితే ముగ్గురు. వచ్చిన వాళ్లకు ముందే చెబుతాను, నాకు ఈ రోగం ఉంది, నెమ్మదిగా చేస్తాను, ఇష్టమైతేనే కూర్చోండి అని. కొందరు లేచి వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి. చెయ్యి వణికితే ఇప్పుడు ముందు వేలు గుచ్చి చూసుకుంటాను, ఆ తర్వాతే తీపి సంగతి. మీరూ అంతే చేయండి, అంకె చూడకుండా చాక్లెట్ విప్పకండి. చూసే వీలు లేక, చెమటలు కూడా పడుతుంటే మాత్రం తీపి తినండి, అప్పుడు అది నిజంగా లో కావచ్చు. అంకె బాగానే ఉండి కూడా వణుకుతుంటే డాక్టరుకు చూపించుకోండి.

ఉగాది వెళ్లిన రెండో వారం రెండో స్కాన్‌కు వెళ్లాం. ఆ పూట మాత్ర వేసుకోవద్దన్నారు. మాత్ర లేని నా చెయ్యిని చాన్నాళ్లకు చూశాను. ఒళ్లో పెట్టుకుంటే చీర కుచ్చిళ్లు కూడా కదులుతున్నాయి. లేవడానికి మా ఆయన భుజం పట్టుకోవలసి వచ్చింది. పరిశోధన వాళ్లు ఒక ఫారం ఇచ్చారు. నేను పెన్ను పట్టలేనని ఆయనే నింపుతున్నాడు. పేరు, వయసు, షుగరు ఎన్నేళ్లుగా ఉంది, ఏ మందులు వాడుతున్నారు. తల ఎత్తకుండా రాసుకుంటూ పోయాడు.

వృత్తి అన్న చోట ఆగలేదు. ‘బ్యూటీషియన్’ అని రాశాడు. దాని కింద రెండు గడులున్నాయి, ‘చేస్తున్నారు’, ‘మానేశారు’. అక్కడ ఆగాడు. గడగడలాడుతున్న నా చెయ్యి వైపు చూశాడు.

“గీ చెయ్యి చూస్తె వాళ్లు నమ్ముతరంటవా?” అన్నాడు.

“నమ్మకుంటె రేపు పదకొండు గంటలకు దుకాణం కాడికి రమ్మను.”

ఆయన నవ్వలేదు. ‘చేస్తున్నారు’ అన్న గడిలో టిక్కు పెట్టాడు. అది సరిగా పడలేదనుకున్నాడో ఏమో, ఒత్తి మళ్లీ దిద్దాడు.